సీలేరు వెంట సైకిల్ మీద: మా కాలవ నీళ్ళ పుట్టిల్లు చూసొచ్చాం

ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, కషాయాలు లేవు. నలుగురం, నాలుగు సైకిళ్ళు, ఒక నది. వీడియో చూసేవాళ్ళు చూడండి. అందులో చెప్పలేనిది ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మాది తూర్పు డెల్టా. దాళ్వా వరి పొట్ట మీదుండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదావరి సన్నబడిపోతుంది. ధవళేశ్వరం దగ్గర ఇసుక తేలుతుంది. అప్పుడు మా ఊళ్ళో వినపడే మాట ఒకటే, "సీలేరు నీళ్ళు వదిలారంటా?" అని. మా తాతగారు కాలవ గట్టు మీద కూర్చుని అదే అడిగేవారు, మా నాన్నా అదే అడుగుతారు, ఇప్పుడు నేనూ అడుగుతున్నాను. రబీలో గోదావరిలో సహజంగా వచ్చే నీరు చాలనప్పుడు, సీలేరు పవర్ హౌస్‌లలో కరెంటు తీసి వదిలిన నీళ్ళే శబరిలోంచి గోదావరిలోకి దిగి మా పంటని గట్టెక్కిస్తాయి. మూడు తరాలుగా ఆ నీళ్ళు వాడుతున్నాం కానీ, మా ఇంట్లో ఒక్కరు కూడా ఆ నది మొహం చూడలేదు. నేను చూశాను గానీ బొలెరోలో, పసుపు లోడు కోసం. అది చూసినట్టు కాదు.

అందుకని సంక్రాంతి వెళ్ళిన వారం బయల్దేరాం. నేను, మా బావ, బడిలో లెక్కలు చెప్పే ఒక ఫ్రెండు, సైకిల్ షాపు ఉన్న ఇంకో ఫ్రెండు. మా అమ్మ అయితే "బండ్లు పెట్టుకుని సైకిలేంట్రా, ఎవరైనా చూస్తే అప్పులపాలయ్యాడనుకుంటారు" అంది. ముగ్గురివి గేర్ల సైకిళ్ళు. మా బావది మాత్రం వాళ్ళ నాన్నగారి నల్ల సైకిలు, ముందు రాడ్డు బ్రేకులది. వద్దంటే వినలేదు. ఆ బ్రేకుల సంగతి తర్వాత చెప్తాను.

సైకిళ్ళని బొలెరోలో వేసుకుని నర్సీపట్నం, చింతపల్లి, జీకే వీధి మీదుగా సీలేరు చేరాం. నది వెంట తొక్కాలంటే పైనుంచి కిందికి రావడమే తెలివైన పని, నీళ్ళు కూడా అలాగే వస్తాయి కదా. దారిలో చింతపల్లి, ఆర్వీ నగర్ వైపు సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం చూస్తే కొబ్బరి తోటలో కోకో వేసే మన కోనసీమ వాళ్ళు గుర్తొచ్చారు. సీలేరులో రాత్రి చలికి రెండు రగ్గులు చాల్లేదు.

అసలు ఈ నది కథ కొంచెం తెలుసుకోవాలి. సీలేరు పుట్టినప్పుడు దాని పేరు సీలేరు కాదు, మాచ్‌ఖండ్. పాడేరు దగ్గర హుకుంపేట మండలంలో మత్స్యగుండం అని ఉంది. అక్కడ మడుగులో చేపల్ని దేవుడిగా చూస్తారు, ఎవరూ పట్టరు. అదే నది జోలాపుట్ డ్యామ్, డుడుమ జలపాతం దాటి, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ పవర్ హౌస్‌లో 120 మెగావాట్ల యంత్రాల్ని తిప్పి, బలిమెల రిజర్వాయర్‌కి వస్తుంది. అక్కడ ఒడిశా వాటా అటు, మన వాటా ఇటు. ఇటు వచ్చిందాన్నే మనం సీలేరు అంటాం. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, దిగువన పొల్లూరులో 460. ఈ మూడే కలిపితే 725. అవే నీళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, కొండ దిగుతూ పని చేసుకుంటూ వస్తాయి. మా లెక్కల మాస్టారైతే ఆ రాత్రంతా "ఒక నీటిచుక్క ఎన్నిసార్లు కూలికి వెళ్ళినట్టురా" అంటూనే ఉన్నాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి సీలేరులో ఎక్కాం. డొంకరాయి వైపు రోడ్డంతా అడవి. ఎడమ పక్క కొండ, కుడి పక్క చెట్ల సందుల్లోంచి అప్పుడప్పుడూ నీళ్ళు. అవతలి గట్టు ఒడిశా. బండి మీద వెళ్తే ఈ రోడ్డు గుంతలుగానే గుర్తుంటుంది, సైకిల్ మీద అయితే వాసనలుగా గుర్తుంటుంది. ఒక చోట ఎండుటాకులు, ఒక చోట అడవి తులసి, ఒక మలుపు తిరగ్గానే కాలిన పోడు వాసన. పోడు గురించి మన గుంపులో ఎవరి మాట వాళ్ళదే. కొండ మొత్తం కాల్చేస్తున్నారని తిట్టేవాళ్ళున్నారు, అదే అసలైన సేద్యం అనేవాళ్ళున్నారు. నా మటుకు నాకు, వాలు మీద ఆకంతా కాల్చేస్తే మొదటి వానకే పై మట్టి రిజర్వాయర్‌లోకి పోతుందని భయం. కానీ అడ్డగట్లు వేసుకోడానికి చెయ్యి సాయం లేనివాడికి అగ్గిపుల్ల ఒక్కటే పనిముట్టు అన్నది కూడా నిజమే.

డొంకరాయి చిన్న ఊరు. జెన్‌కో క్వార్టర్లు, నాలుగు కిరాణా కొట్లు, టీ కొట్లు, డ్యామ్. డ్యామ్ మీద, పవర్ హౌస్ దగ్గర వీడియో తీయకూడదు. అందుకే మా వీడియోలో ఆ ముక్క ఉండదు, కెమెరా పాడయింది అనుకోకండి. డ్యామ్ కింద 25 మెగావాట్ల పవర్ హౌస్ దాటిన నీళ్ళని నదిలోకి వదలరు, పవర్ కాలవలోకి మళ్ళిస్తారు. ఆ కాలవ కొండ పక్కనే పాములా మోతుగూడెం వైపు పోతుంది. అక్కడ ఎత్తు మీంచి ఒక్కసారిగా పైపుల్లో దిగితే పొల్లూరులో 460 మెగావాట్లు. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. మా డెల్టా మెయిన్ కాలవ కన్నా శుభ్రంగా ఉందన్నాడు బావ. ఊళ్ళు తగల్లేదు కదా మరి.

ఇక్కడే నేను ఆగాల్సిన పని ఉంది. మిగతా ముగ్గురికీ సగమే తెలుసు.

రెండేళ్ళ క్రితం డొంకరాయి దగ్గర కొండ మీద ఒక ఊళ్ళో ఒక కొండరెడ్డి రైతు దగ్గర 4 క్వింటాళ్ళ ఎండు పసుపు తీసుకున్నాను. పేరు రాయను, ఆయనకది ఇష్టం ఉండదు. ఎరువు, మందు తెలియని పసుపు. రంగు చూస్తే వదలబుద్ధి కాలేదు. ధర మాట్లాడుకున్నాం, సగం చేతిలో పెట్టాను, మిగతాది నెలలో ఇస్తానన్నాను. నేను సరుకు పంపిన చోట తేమ చూశారు, 14 శాతం వచ్చింది. పసుపు కొమ్ములకి 12 దాటకూడదు. లాట్ తిప్పి పంపేశారు. వాళ్ళ తప్పేం లేదు. తేమ మీటరు కొనకుండా వ్యాపారం మొదలెట్టింది నేను, నాలుగు ఎండలు ఎక్కువ వెయ్యమని ఆయనకి చెప్పనిది నేను. ఆ సరుకు మళ్ళీ ఎండబెట్టి, పొడి కొట్టించి, చిల్లరగా అమ్ముకునేసరికి ఏడు నెలలు పట్టింది. అప్పుడు ఫోన్‌లో మిగతా డబ్బు వేశాను. పూర్తిగానే వేశాను. కానీ మొహం చూపించలేదు. బాకీ తీరిపోయింది కదా అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

డిప్లొమా చదివేటప్పుడు "అగ్రి బిజినెస్" అని ఒక పేపరు ఉండేది. చెల్లింపు ఆలస్యమైతే రైతు ఇంట్లో ఏం జరుగుతుందో అందులో లేదు.

మెయిన్ రోడ్డు దిగి సైకిళ్ళు తోసుకుంటూ ఊళ్ళోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం. ఆయన ఇంటి ముందు పొయ్యి మీద పెద్ద డేగిసా, అందులో పసుపు ఉడుకుతోంది. జనవరి కదా, తవ్వకాలు మొదలయ్యాయి. నన్ను చూసి లేచాడు. "బాబు వచ్చాడే" అని లోపలికి కేకేశాడు. అంతే. తిడతాడేమో అని మూడు రోజులుగా నేను లోపల తయారు చేసుకున్న మాటలన్నీ దండగైపోయాయి. ఆమె చోడి అంబలి పోసింది, ఉల్లిపాయ పెట్టింది. నలుగురం తాగేశాం, బావ రెండుసార్లు.

"ఈసారి ఎంత వేశావు బాబాయ్?" అన్నాను.

"ఏదీ, ఆ మూల ఇంత" అని చెయ్యి చూపించాడు.

నేను చూసినప్పుడు అరెకరం ఉండేది. ఇప్పుడు పది సెంట్లకి కాస్త ఎక్కువ. ఎందుకని అడిగితే వెంటనే చెప్పలేదు. సాయంత్రం పసుపు దించాక, ఆరబోస్తూ, ఎవరో పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ ఏడు మే నెలలో పిల్లకి జబ్బు చేసి చింతూరు తీసికెళ్ళాల్సి వచ్చింది. చేతిలో డబ్బు లేదు. సంతకి వచ్చే షావుకారుకి విత్తనం పసుపు అమ్మేశాడు. నాలుగు క్వింటాళ్ళు. మిగిలింది అరవై, డెబ్భై కిలోలు.

పసుపు వేసేవాళ్ళకి ఈ మాట బరువు తెలుస్తుంది. వరి విత్తనం అయిపోతే ముప్పై కిలోల సంచి కొనుక్కుంటాం. పసుపు ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ళ దుంపలు కావాలి. పచ్చి పసుపు అయిదు క్వింటాళ్ళు వండి ఎండబెడితే చేతికొచ్చేది ఒక క్వింటాల్. విత్తనం అమ్ముకున్నవాడు ఒక ఏడాది పంట కాదు, మళ్ళీ దుంప పెంచుకునే వరకు అన్ని ఏళ్ళూ అమ్ముకున్నట్టే. డెబ్భై కిలోలు వేశాడు, మూడు క్వింటాళ్ళు వచ్చింది, సగం ఇంటి ఖర్చుకి పోయింది, మిగతా సగం మళ్ళీ వేశాడు. రెండేళ్ళయింది, ఇంకా పాత అరెకరానికి దూరంగానే ఉన్నాడు. నేను వేసిన డబ్బు పైసా తగ్గలేదు. కానీ మేలో చేరాల్సింది దసరాకి చేరింది.

"నాకు ఫోన్ చెయ్యలేకపోయావా బాబాయ్" అన్నాను. అడిగాక నాకే సిగ్గేసింది. సిగ్నల్ కోసం రోడ్డు దాకా రావాలి ఆయన.

"నువ్వు ఇస్తానన్నావు కదా బాబూ. ఇస్తానన్నవాణ్ణి ఎన్నిసార్లు అడుగుతాం" అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు, చలి వల్ల అని బావకి చెప్పాను.

పొద్దున్నే పొలం చూపించాడు. వీడియోలో ఎక్కువ సేపున్నది ఈ భాగమే, పంట చూసేవాళ్ళు ఇది వదలొద్దు. వాలుకి అడ్డంగా ఎత్తు మడులు, మధ్యలో నీరు దిగే సన్న కాలవలు. దుంపకుళ్ళు రాకుండా ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు, పసుపు మొదట్లో నీరు నిలవకపోతే సగం జబ్బు రానట్టే. మడుల మీద అడవి ఆకు మందంగా కప్పాడు. మనం ఆచ్ఛాదన అని పేరు పెట్టి క్లాసులు చెప్పేది అదే. పైన నీడకి కంది, ఆముదం. మట్టి చేత్తో తీస్తే విడివిడిగా, తడిగా ఉంది. వాన పడి రెండు నెలలు దాటినా ఆకు కింద తేమ ఉంది.

జీవామృతం వాడతావా అంటే నవ్వాడు. ఇక్కడ మనం ఒకటి ఒప్పుకోవాలి. ఆవుల్ని రాత్రి కొట్టంలో కట్టేసే మన ఊళ్ళలో మూత్రం పట్టుకోవడం తేలిక. ఇక్కడ పశువులు అడవిలోనే తిరుగుతాయి, ఏ వారానికో ఇంటికొస్తాయి. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి అని మనం చెప్పే లెక్క ఇక్కడ కుదరదు. బెల్లం, పిండి రెండూ సంతలో కొనాలి. అందుకే ద్రవం కన్నా ఘనజీవామృతమే వీళ్ళకి నయం అనిపించింది. పేడ ఎండాకాలంలో పోగేసుకుని, దొరికినంత మూత్రంతో ఒకసారి చేసి పెట్టుకుంటే జూన్ దాకా ఉంటుంది. 2024లో మన రాష్ట్ర ప్రకృతి సేద్యానికి గుల్బెంకియన్ బహుమతి వస్తే నేనూ స్టేటస్ పెట్టుకున్నవాణ్ణే. పెట్టుకోవాలి కూడా. కానీ బహుమతి అందుకున్న పద్ధతి కొండ మీదికి ఎక్కేటప్పుడు కొంచెం ఆకారం మార్చుకోవాలి.

మడుల కింద, వంద గజాల దూరంలో, చెట్ల మధ్య నుంచి పవర్ కాలవ మెరుస్తోంది. ఆయన అటు చూస్తూ, "ఈ నీళ్ళు మీ ఊరొస్తాయంట కదా బాబూ?" అన్నాడు.

"వస్తాయి బాబాయ్, దాళ్వాకి."

"దాళ్వా అంటే?"

"రెండో పంట. ఎండాకాలం వరి."

"రెండో పంటే!" అని నవ్వాడు. కోపం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి. "మాకు ఒకటే. అదీ వానిస్తే."

దానికి నా దగ్గర జవాబు లేదు. కాలవ కింద ఉంది, పొలం పైన ఉంది, ఎత్తిపోయాలంటే మోటారు కావాలి, దానికి కరెంటు లైను కావాలి, దానికి అనుమతి కావాలి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా కరెంటు పుట్టే చోట, నీళ్ళ పక్కన, మబ్బు కోసం చూసే మనిషికి అవన్నీ ఎలా చెప్తాం?

ఈలోపు మన మెకానిక్ ఫ్రెండు అక్కడి కుర్రాడి సైకిల్ తిరగేసి కూర్చున్నాడు. ఫ్రీవీల్ జారిపోతోంది. విప్పి, కడిగి, కొబ్బరినూనె వేసి బిగించాడు. ఊళ్ళో మిగతా మూడు సైకిళ్ళూ వరసలోకొచ్చాయి. మా ప్రయాణం రెండు గంటలు లేటు.

డొంకరాయి నుంచి మోతుగూడెం, అక్కణ్ణించి చింతూరు. ఇక్కడే మా బావ రాడ్డు బ్రేకుల కథ. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా నొక్కి పట్టుకుంటే రబ్బరు కాలిపోతుంది. వదిలి, పట్టి, వదిలి, పట్టి దిగాలి. వెనక బ్రేకు ముందు, ముందు బ్రేకు తర్వాత. ఇది చెప్పాం. బావ విన్నాడు. కానీ మూడో మలుపుకే రబ్బర్లు అరిగి రాడ్డు రిమ్ముకి తగిలి కీచుమంది. కాళ్ళు నేలకి ఆన్చి, చెప్పు తెగి, మట్టి గుట్టలోకి పోయి ఆగాడు. మోచెయ్యి గీసుకుంది, అంతే. అటుపక్క అయితే లోయ. మిగతా ఘాట్ అంతా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు, మేమూ దిగి నడిచాం. నడిచాం కాబట్టే పొల్లూరు జలపాతం దగ్గర తీరుబడిగా గంటసేపు కూర్చున్నాం. మీరెవరైనా వెళ్ళేట్టయితే బ్రేకు రబ్బర్లు రెండు జతలు, ట్యూబులు రెండు, చైను లింకులు తీసుకెళ్ళండి, డొంకరాయి దాటాక దొరకవు. చీకటి పడ్డాక ఆ అడవి రోడ్డు మీద ఉండొద్దు.

సీలేరు మూడు రాష్ట్రాలు కలిసే చోట, మోటు దగ్గర, శబరిలో కలుస్తుంది. శబరి చింతూరు మీదుగా కూనవరం వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. చింతూరు, కూనవరం మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లా, పోలవరం ముంపు కారణంగా ఆంధ్రలో కలిపారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు శబరి వెనక్కి తన్ని ఈ ఊళ్ళని ముంచేసింది. ఆ నీటి గీతలు కొన్ని గోడల మీద ఇంకా ఉన్నాయి, నా తల కన్నా పైన. టీ కొట్టు ఆమె ఆ గీత కిందే పొయ్యి పెట్టుకుంది. "మళ్ళా రాదా అమ్మా?" అంటే, "వస్తది. అందుకే కొత్త సామాను కొనలేదు" అంది.

నాలుగో రోజు కూనవరం సంగమం. శబరి నీళ్ళు తేటగా, గోదావరి ఇసుక మధ్య సన్నగా. లెక్కల మాస్టారు చేత్తో నీళ్ళు తీసుకుని "ఇవి మన ఊరెళ్ళేసరికి మనం ఇంటికెళ్ళిపోతామా?" అన్నాడు. అక్కణ్ణించి నది పాపికొండల్లోకి దూరుతుంది, దాని వెంట సైకిల్ రోడ్డు లేదు. మేం వెనక్కి చింతూరు వచ్చి, మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, రంపచోడవరం మీదుగా దిగాం. మారేడుమిల్లి బొంగులో చికెన్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. తిన్నాం.

ఇక పసుపు సంగతి. డబ్బు ఇస్తానంటే ఆయన తీసుకోలేదు, "బాకీ లేదు కదా" అన్నాడు. అందుకని విత్తనం వైపు నుంచి ఆలోచించాను. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్ళు ఒంటి కన్ను పద్ధతి ఒకటి చెప్తారు. దుంపని మామూలుగా పెద్ద ముక్కలుగా పెట్టకుండా, ఒక్కొక్క కన్ను ఉండేలా 5, 6 గ్రాముల ముక్కలు కోసి, బీజామృతంలో ముంచి ఆరబెట్టి, ప్రోట్రేలలో పెంచి, నెల దాటాక నాటడం. విత్తనం నాలుగో వంతుకి తగ్గుతుంది. ట్రేలలో కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు వాడమంటారు, నేను వర్మీ బదులు ఘనజీవామృతం కలిపి చూస్తున్నాను. కొండ మీద ఇది పనిచేస్తుందని ముందే చెప్పను. లేత మొక్క నాటిన వారం వాన మొహం చాటేస్తే ఏమవుతుందో చూడాలి. అందుకే అంతా దీని మీదే పెట్టొద్దన్నాను. ఆయన దుంపల్లోంచి పన్నెండు కిలోలు మాత్రం తెచ్చుకున్నాను. 98 గుంతల ట్రేలు ఇరవై. ఏప్రిల్ చివర మా షెడ్డులో పెంచి, జూన్ మొదటి వానలకి తీసుకెళ్ళాలి. తేమ మీటరు కొన్నాను, దాన్ని ఆ ఊళ్ళోనే ఉంచుతాను. ఇక నుంచి కొండ సరుకు ఎవరి దగ్గర తీసుకున్నా అక్కడే తేమ చూసి, అక్కడే మొత్తం డబ్బు ఇస్తాను. అంత డబ్బు చేతిలో లేకపోతే సరుకు తగ్గించుకుంటాను. గత నెల రెండు ఆర్డర్లు అలాగే వదిలేశాను.

ఇంకోటి, ఒక ఎకరం దాళ్వా మానేసి మినుము చల్లాను. నాన్న ఇంకా సణుగుతున్నారు. ఒక ఎకరం నీళ్ళు కాలవకి ఏ మూలకి అంటారు, అదీ నిజమే.

మొన్న మార్చి మొదటి వారం మా కాలవలోకి నీళ్ళొచ్చాయి. గట్టు మీద నిలబడి ఆయనకి ఫోన్ కొట్టాను. మూడు రోజులు కలవలేదు, నాలుగో రోజు సాయంత్రం ఆయనే చేశాడు, రోడ్డు మీద నుంచి.

"వచ్చాయా నీళ్ళు?" అన్నాడు.

"వచ్చాయి బాబాయ్."

"ఆహా. మా పిల్లాడి సైకిలు మళ్ళా చైను ఊడతా ఉంది. ట్రేలు తెచ్చేప్పుడు ఆ మెకానిక్ బాబుని కూడా తీసుకురా."